క్యాలెండర్ మీది బిడ్డ

మా ఆయన ఫోటోలు తీసేది హనుమకొండలో, అవి అమ్ముడుపోయేది మద్రాసులో, అచ్చయ్యేది ఎక్కడో ఆ దేవుడికే తెలియాలి. ఎనభైల మొదట్లో సంగతి. చౌరస్తా దగ్గర ఒక సందులో మాకు చిన్న స్టూడియో ఉండేది. ముందు గదిలో పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్ళి ఆల్బములు, వెనక గదిలో సంసారం. ఆయన మనసు మాత్రం ఆ రెండు గదుల్లోనూ ఉండేది కాదు. తీరిక దొరికితే ములుగు బస్సెక్కి అడవి దారి పట్టేవాడు. ఇప్పపూలు ఏరుకునే ఆడవాళ్ళను, వాగు దాటుతున్న ఎడ్లబండిని రంగుల స్లైడు ఫిల్ము మీద పట్టుకొచ్చేవాడు. ఆ స్లైడ్లను అట్టల మధ్య పెట్టి, కుట్టి, మద్రాసులో ఫోటోలు అమ్మిపెట్టే ఒక ఏజెన్సీకి రిజిస్టర్ పోస్టులో పంపేవాడు.

వాళ్ళ పద్ధతి నాకు మొదటినుంచీ నచ్చలేదు. స్లైడు వాళ్ళ సొరుగులోనే ఉంటుంది. క్యాలెండర్లు వేసేవాళ్ళు, సబ్బులు చేసేవాళ్ళు, పత్రికలవాళ్ళు వచ్చి చూసుకుని నచ్చింది కొనుక్కుంటారు. ఒకరు కొన్న ఫోటోనే మళ్ళీ ఇంకొకరూ కొనొచ్చు. ఎవరు కొన్నారో, దేని మీద వేశారో మాకు చెప్పరు. వచ్చిన డబ్బులో సగం వాళ్ళు ఉంచుకుని సగం మాకు మనియార్డరు చేస్తారు. "ఆడపిల్లను ఇచ్చినంక అత్తగారిల్లు ఏడున్నదో సుత అడగొద్దంటే ఎట్ల?" అని నేను దెప్పేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఒకసారి ఏజెన్సీ నుంచి పిల్లల ఫోటోలు కావాలని కబురొచ్చింది. నవ్వే పిల్లలు కావాలట. బొట్టు ఉండొద్దు, కాటుక ఉండొద్దు, చెంప మీద నల్ల చుక్క అసలే ఉండొద్దు. ఏ రాష్ట్రం వాళ్ళు చూసినా, ఏ మతం వాళ్ళు చూసినా తమ ఇంటి బిడ్డే అనుకోవాలట. మా అమ్మాయికి అప్పుడప్పుడే కూర్చోవడం వచ్చింది. రెండు పళ్ళు బయటపెట్టి ఎవరిని చూసినా నవ్వేది. ఆయన నా మొహం చూశాడు. నేను మా అత్తమ్మ ఎక్కడుందా అని చూశాను.

అత్తమ్మ చుక్క పెట్టనిదే పిల్లను గడప దాటనిచ్చేది కాదు. ఆముదం దీపం మీద రాగి పళ్ళెం బోర్లించి మసి పట్టి, కాటుక తనే చేసి, చిన్న తగరపు డబ్బీలో దాచుకునేది. పొద్దున చెంప మీద ఒక చుక్క, అరికాలిలో ఒక చుక్క. అది చెరిగితే మళ్ళీ పెట్టేది. నేను స్టూడియోలో ప్రింట్లు కడిగే పనిలో పడ్డాక పిల్లకు ఉగ్గు పెట్టింది, నీళ్ళు తాగించింది, నిద్రపుచ్చింది ఆమే. కాబట్టి చుక్క విషయంలో నేను నోరెత్తే వీలు లేదు.

ఆమె పరకాలలో కూతురి దగ్గరికి పోయిన రోజు చూసి, డాబా మీద పొద్దుటి ఎండలో ఫోటో తీశాం. చుక్క తుడిచింది నేనే, కొబ్బరినూనె అద్దిన దూదితో. దానికి ఇప్పటికీ నేను తప్పు ఒప్పుకోను. బిడ్డ మొహం కడిగిన తల్లిని లోకంలో నేనొక్కదాన్నేనా? సాయంత్రం అత్తమ్మ బస్సు దిగేసరికి చుక్క మళ్ళీ పెట్టేశాను. ఫోటో మద్రాసు పోయింది, అమ్ముడుపోయింది, మేం మరచిపోయాం.

ఆ ఏడాది చివర అత్తమ్మ బెల్లానికని కిరాణా దుకాణానికి పోయి, బెల్లం లేకుండా ఒక క్యాలెండరు పట్టుకుని వచ్చింది. వరంగల్‌లో విత్తనాలమ్మే ఒక వ్యాపారి వేయించినది. పైన మా అమ్మాయి, అరచేయంత మొహం గోడ గడియారమంత అయి, నవ్వుతోంది. మా ఆయన సంతోషం పట్టలేక దాన్ని వెలుగులోకి పట్టుకుపోయి రంగులు ఎట్లా వచ్చాయో చూస్తున్నాడు.

"ఇది మన పిల్లనేనా?" అని అడిగింది అత్తమ్మ.

"మనదేనే అమ్మా. ఇంకెవరిది?"

"మరి చుక్కేది?"

 నాకు దాపరికం చేతకాదు. "నేనే తుడిచిన అత్తమ్మా. గట్లయితెనే తీసుకుంటమన్నరు," అన్నాను.

"ఒక్క మనిషి కండ్లు పడితెనే పసిది తట్టుకోదు. గిన్ని ఊర్ల కండ్లు..." అని ఆగిపోయింది. కాయితానికి దిష్టి తగుల్తదా అత్తమ్మా అని నేనన్నాను. ఆమె లోపలికి పోయి, నిద్రపోతున్న పిల్లకు ఇంకో చుక్క పెట్టింది.

నిజం చెప్పాలంటే నాకు ఆ రోజుల్లో గర్వంగానే ఉండేది. ఫోటోలు దిగడానికి వచ్చినవాళ్ళు "మీ పిల్ల మా దుకాణంల ఉన్నది," అని చెప్పేవారు. బజారుకు పోతే అన్ని గోడల మీద నుంచీ నా కూతురు నన్ను చూసి నవ్వేది. ఏం కొందామని పోయానో మరచిపోయి నిలబడేదాన్ని.

చలి వెనకబడుతున్నప్పుడు పిల్లకు జ్వరం తగిలింది. ఒకనాటికి తగ్గింది అనుకుంటే మర్నాటికి ఎక్కువయ్యేది. మాత్రలు పనిచేయలేదు. పెద్ద దవాఖానకు తీసుకుపోతే టైఫాయిడన్నారు, మంచమిచ్చారు. కావలసిన మందు ఊళ్ళో దొరకలేదు. ఆయన హైదరాబాదు బస్సెక్కాడు. గ్లూకోజు ఎక్కిద్దామంటే నరం అందడం లేదు. అందిన నరం కాసేపటికే వాచి, సూది తీసేయాల్సి వచ్చింది. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"నోటితోనే తాగియ్యాలమ్మా. కొంచెం కొంచెం, ఆపకుంట. నీళ్ళు లోపటికి పోకపోతే మందొచ్చినా చేసేదేం లేదు," అంది.

నేను చెంచా పెదవులకు ఆనిస్తే పిల్ల పళ్ళు బిగించేది. ముక్కు మూసి పోస్తే కక్కేసేది. అత్తమ్మ ఒళ్ళో వేసుకుని, ఉగ్గు గిన్నె వంచి, "గుటుక్... గుటుక్..." అని నోటితో చప్పుడు చేస్తే మాత్రం మింగేది. కన్నతల్లిని నేనక్కడ గిన్నె కడగడానికి తప్ప పనికిరాలేదు. అయినా ఆ గుటక చప్పుడు వినబడితే నా ప్రాణం లేచొచ్చేది.

అట్లాంటిది, ఆయన హైదరాబాదు పోయిన మర్నాటి పొద్దున అత్తమ్మ నాలుగు గుక్కలు తాగించి, పిల్లను నా ఒళ్ళో పెట్టి లేచింది. కొంగున కాటుక డబ్బీ ముడేసుకుంది.

"ఏడికత్తమ్మా?"

"దుకాణాలల్లకు. గోడల మీదున్న పిల్లకు చుక్క పెట్టొస్త."

ఏదో దగ్గరి దుకాణానికి పోయి వెంటనే వస్తుందనుకున్నాను. ఎండ నడినెత్తికొచ్చినా రాలేదు. ఆమె పోయినప్పటినుంచీ ఒక్క చుక్క నీరు లోపలికి పోలేదు. పిల్ల ఏడవడం మానేసింది. పెదవులు ఎండి తోలు లేచాయి, కళ్ళు లోపలికి పోయాయి. నర్సమ్మ వచ్చి పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలింది. పట్టిన మడత పట్టినట్టే నిలబడింది. ఆమె గబగబా డాక్టరమ్మ కోసం పోయింది.

అత్తమ్మ రాగానే గిన్నె ఆమె చేతిలో పెట్టాను. పిల్ల గుటక వేసేదాకా ఆగి, వేశాక ఆమెను వరండాలోకి లాక్కొచ్చాను. ఎన్నడూ మీరు అని తప్ప పిలవని అత్తను ఆ రోజు నువ్వు అన్నాను.

"నీకు బిడ్డ కావాల్నా, క్యాలెండరు కావాల్నా? ఇది సచ్చిపోతాంది ఇక్కడ. నువ్వు బజార్ల తిరుగుతానవ్."

"ఆ గోడల మీదున్నది ఎవలు? అది బిడ్డ గాదా?" అంది. ఇంకా చాలా దుకాణాలు మిగిలే ఉన్నాయని, రేపు మళ్ళీ పోతానని కూడా అంది.

నాకు ఆమెను పట్టుకుని ఊపేయాలనిపించింది. ఊపితే పిల్లకు నీళ్ళు తాగించేదెవరు? కోపం మింగి బేరానికి దిగాను.

"సరే. చుక్కలు నేను పెట్టొస్త. నువ్వు దాని పక్కనుంచి లేవొద్దు."

ఆమె నన్ను చాలాసేపు చూసింది. కోడలు అబద్ధమాడుతుందని అనుమానం కాబోలు అనుకున్నాను.

"నిజంగ పెడ్తవా?"

"బిడ్డ మీద..."

"బిడ్డ మీద ఒట్టు పెట్టకు," అని డబ్బీ ముడి విప్పి ఇచ్చింది. ఇచ్చిందే గానీ వేళ్ళు వెంటనే వదల్లేదు. నేనే లాక్కోవాల్సి వచ్చింది.

దవాఖాన గేటు దాటి రిక్షా ఎక్కాక, డబ్బీని మోరీలో పారేసి ఎక్కడైనా కూర్చుని వస్తే ఎవరికి తెలుస్తుంది అనిపించింది. కానీ ఆమె ఒక్కొక్క దుకాణం పేరూ చెప్పించుకుంటుంది. నేను తడబడితే రేపు మళ్ళీ లేచిపోతుంది. అందుకని ముందు ఆ విత్తనాల వ్యాపారి దగ్గరికే పోయాను. గద్దె మీద కూర్చున్న ఆయనకు విషయం చెప్తే మొహం చిట్లించాడు.

"పైసలు పెట్టి కొన్న బొమ్మనమ్మా. నల్ల చుక్క పెడ్తే చూసెటోళ్ళేమనుకుంటరు? షాపుకు మచ్చ గాదా?"

"సేటూ, మీరు కొన్నది బొమ్మను. దవాఖానల పడున్నది నా బిడ్డ. మీరు లేచి దాన్ని దించుతరా, నేను గద్దెక్కాల్నా?" అన్నాను. నా గొంతు బజారంతా వినబడి ఉంటుంది. ఆయన లేచి, తనే దించి, నా ముందు పట్టుకున్నాడు. చుక్క పెడుతుంటే మెల్లగా, "ఎట్లున్నదమ్మా ఇప్పుడు?" అని అడిగాడు. నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

అక్కడినుంచి రైతుల పంట అమ్మిపెట్టే అడ్తి దుకాణాలు, సైకిళ్ళ దుకాణం, మందుల షాపు. కొందరు నవ్వారు, కొందరు స్టూలు వేశారు. "జర పెద్దగ పెట్టమ్మా," అని ఒకాయన దగ్గరుండి పెట్టించాడు. నేను నమ్మి పెట్టలేదు. ఒక్కొక్క చుక్క అక్కడ ఒక్కొక్క గుటక అవుతుందని లెక్కేసుకుని పెట్టాను. కానీ ప్రతి దుకాణంలో ఆ నవ్వు మొహం మీద వేలు ఆనించినప్పుడు కాయితం చల్లగా తగిలేది. పిల్ల ఒళ్ళు పొద్దుటినుంచీ కాలిపోతోంది. కాయితం చల్లగానే ఉంటుందని నాకు తెలుసు, అయినా ఆ చల్లదనానికి నాకు భయమేసింది.

వరంగల్ చౌరస్తాలో ఒక బట్టల దుకాణంలో అడుగుపెట్టి గోడ వైపు చూశాను. దేవుళ్ళ పటాల వరసలో మా అమ్మాయి క్యాలెండరు ఉంది. దానికి బంతిపూల దండ వేసి ఉంది.

మనుషుల ఫోటోకు మనం దండ ఎప్పుడు వేస్తామో చెప్పక్కరలేదు. మా స్టూడియోలో అట్లాంటి ఫోటోలు నేనే కడిగి, ఆరబెట్టి, ఫ్రేము కట్టించి ఇచ్చేదాన్ని.  ఎట్లా గల్లాపెట్టె దాటి లోపలికి పోయానో తెలియదు, దండను గుంజి కింద పడేశాను. పూలు బట్టల థానుల మీద చెదిరాయి. దుకాణమాయన బిత్తరపోయి లేచాడు.

"ఏందమ్మా? లక్ష్మి లెక్కున్నదని ఏసినం. దేవుళ్ళతో పాటు దానికీ..."

"అది బతికున్నది," అన్నాను.  చుక్క పెట్టానో లేదో గుర్తు లేదు. రోడ్డు మీద కనబడిన మొదటి రిక్షా ఎక్కి దవాఖానకు పొమ్మన్నాను. దారి పొడుగునా ఎన్ని దుకాణాల్లో పిల్ల నవ్వుతూ కనబడిందో, నేను తల తిప్పుకున్నాను.

వార్డులో మంచం మీద అత్తమ్మ పిల్లను ఒళ్ళో వేసుకుని గోడ వైపు మొహం తిప్పుకుని కూర్చుంది. చేతిలో గిన్నె పక్కకు వంగి నీళ్ళు చీర మీద కారుతున్నాయి. పిల్ల కదలడం లేదు. నేను దగ్గరికి పోయాను. నా అడుగుల చప్పుడు విన్నా ఆమె ఇటు తిరగలేదు.

"ఒచ్చినవా? జర చూడు బిడ్డా, ఊపిరి ఉన్నదా. నాకు చూడ ధైర్యం జాల్తలేదు."

నేను వంగి పిల్ల ముక్కు దగ్గర చెంప పెట్టాను. వెచ్చగా తగిలింది. నుదురంతా చెమట. మధ్యాహ్నం నర్సమ్మ పట్టినచోటే చర్మం పట్టి వదిలాను, మడత మెల్లగా సర్దుకుంది.

"ఉన్నదత్తమ్మా. నిద్రపోయింది. చెమట పట్టింది."

ఆమె అప్పుడు ఇటు తిరిగింది. గిన్నె నాకిచ్చి, కొంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు కాకుండా ఏడ్చింది. మా ఆయన కన్నా ముందు ఆమెకొక కొడుకు పుట్టి పోయాడని నేను విన్నాను గానీ, ఎట్లా పోయాడో ఎన్నడూ వినలేదు. "నా ఒళ్ళెనే," అంది. "నీళ్ళు తాపుకుంటనే ఉన్న. గుటుకేస్తలేడేందని చూస్తే లేడు. గీ పిల్లను గట్ల చూడవశం గాక బజార్లకు పోయిన బిడ్డా. చుక్క ఒక సాకు."

మధ్యాహ్నం ఆమె వేళ్ళు డబ్బీని ఎందుకు వదల్లేదో నాకు అప్పుడు అర్థమైంది. ఆ మాటకు నాకు కోపం రావాల్సింది, రాలేదు. ఎందుకంటే ఆ డబ్బీ పట్టుకుని గేటు దాటినప్పుడు నా ఒళ్ళు కూడా తేలికయింది. సేటుతో అంత గట్టిగా పోట్లాడుతున్నప్పుడు కూడా, ఇక్కడ ఈ మంచం దగ్గర లేను కదా అని లోపల ఎక్కడో హాయిగా ఉంది. ఆ సంగతి ఆమెకు చెప్పాను. ఇంకెవరికీ చెప్పలేదు.

మందు తీసుకుని ఆయన వచ్చాడు. జ్వరం ఇంకా కొన్నాళ్ళు ఏడిపించి దిగింది. అన్ని రోజులూ ఇద్దరం మంచానికి చెరొక పక్క కూర్చున్నాం. ఆమె తాగిస్తుంటే ఆమె బదులు నేను చూసేదాన్ని, "మింగిందత్తమ్మా," అని ప్రతి గుటకకూ చెప్పేదాన్ని. మిగిలిన దుకాణాల సంగతి ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.