అవ్వ పేరు మీద కొట్టిన పలక

ముసలామె పోతే వయొలిన్ ఎందుకు ఏడవాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తిరుచానూరులో లాడ్జీల వెనక ఒక గది అద్దెకు తీసుకుని షార్ట్ ఫిల్ములకు సంగీతం, శబ్దాలు చేస్తుంటాను. తిరుపతి కుర్రాడొకడు తాను తీసిన సినిమా పట్టుకొచ్చాడు. ఐరాల పక్కన బెల్లం గానుగ దగ్గర పనిచేసే ఒక ముసలామె కథ. కెమెరా పని బాగుంది, కాదనను. మాటలు తప్ప ఇంకే చప్పుడూ సరిగా పట్టుకోలేదు, అవన్నీ నేనే చేయాలి. పాకం ఉడికే చప్పుడు కోసం మా వంటింట్లో బెల్లం కాచి, గిన్నె మాడేదాకా మైకు పట్టుకుని కూర్చున్నాను. ఆమె నడక కోసం గదిలో ఎండు చెరకాకు పరిచి వట్టి కాళ్లతో తిరిగాను. లాడ్జీలో పనిచేసేవాళ్లు నాకు పిచ్చి పట్టిందనుకున్నారు. అనుకోనీ.

పేచీ అంతా చివరి సీను దగ్గర వచ్చింది. ముసలామె చనిపోతుంది, పాడె మీద మోసుకుపోతారు.

"ఈడ వయొలిన్ పెట్టక్కా. జనం ఏడ్సాల" అన్నాడు.

"ఈడ పలకలు పడాల సామీ" అన్నాను. డప్పును మా వైపు పలక అంటాం.

"సావు డప్పా? అది క్లాస్‌గా ఉండదక్కా."

క్లాస్‌గా ఉండదట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా మామ పలక కొట్టి తెచ్చిన అన్నం తిని పెరిగాను నేను. మా వైపు మునిమనవళ్లను ఎత్తుకుని పోయిన ముసలివాళ్ల చావులో ఏడుపుతో పాటు ఆట కూడా ఉంటుంది. పాడె ముందు పలకలు మోగుతాయి, పూలు చల్లుతారు, టపాకాయలు కాలుస్తారు, కాళ్లాడేవాళ్లంతా ఆడతారు. అలాంటి ఊరి మనిషిని వయొలిన్‌తో సాగనంపడానికి నేను ఒప్పుకోను. రికార్డు చేసి తెస్తా, విన్నాక మాట్లాడు అని చెప్పి బస్సెక్కాను.

మా ఊరు పూతలపట్టు దాటాక లోపలికి పోవాలి. మామా, ఆయన జట్టూ గడ్డిమంట వేసి పలకలు కాగబెట్టారు. తోలు బిగిసింది. జాతర దెబ్బ కొట్టారు, పెళ్లి దెబ్బ కొట్టారు, చాలన్నా ఆపకుండా కొట్టారు. ఇక చావు దెబ్బ కొట్టండి మామా అన్నాను. అంతే, అందరి చేతులూ ఆగిపోయాయి.

"పీనుగ ల్యాకుండా ఆ దెబ్బ కొట్టకూడదు పాపా. సావును ఊర్లోకి పిలిసినట్టు అవుతాది. ఎవురన్నా పోయినప్పుడు రా, రికార్డు సేసుకుందువు" అన్నాడు మామ.

"ఎవురు పోతారా అని మనూర్లో నేను కాసుకోని కూసోవాల్నా?"

మా వీధి ఆడవాళ్లు నా మీద విరుచుకుపడ్డారు. "సదువుకున్నదానివి, బుద్ధుండాదా నీకు? బిడ్డలుండే వీధి ఇది!" అన్నారు. వాళ్లతో వాదించలేక రికార్డరు సంచిలో పెట్టేసుకుంటున్నాను.

అప్పుడు మా అవ్వ, అంటే మామను కన్న తల్లి, మంచం మీంచి లేచి వచ్చింది.

"రేయ్, పీనుగే గదా కావాల్సింది? నేనుండాను గదరా. ఈ పొద్దో రేపో పొయ్యేదాన్నే. నా పేరు మింద కొట్టండి."

"అట్లాంటి మాటలు మాట్లాడొద్దుమా" అన్నాడు మామ.

"ఏం మాట్లాడకూడదు? ఊర్లో ఏ ముసలోళ్లు పోయినా పాడె ముందర ఆడినాను. నా సావుకు కొట్టేది మాత్రం నాకు ఇనపడకూడదా? అదేం న్యాయంరా? సల్లారిపోతా ఉండాయి, కాగబెట్టండి పలకలు!"

మామ పలకను మంట మీద తిప్పి మెడలో వేసుకున్నాడు. తల్లి ముఖం చూడకుండా, గోడ వైపు తిరిగి మొదలుపెట్టాడు. బతికున్న తల్లికి కొడుకు చావు దెబ్బ కొడుతున్నాడు! నాకు ఏడుపు తన్నుకొచ్చింది. రికార్డులో పడుతుందని పెదవి కొరుక్కుని నిలబడ్డాను. అవ్వ మాత్రం చీర కుచ్చిళ్లు బొడ్డులో దోపుకుని ఆడింది. నడుం పట్టేసినా ఆపలేదు. "గెట్టిగా కొట్టండ్రా, సద్ది తాగల్యా మీరు?" అని మధ్యలో ఒక అరుపు అరిచింది. తిట్టిన ఆడవాళ్లు కూడా చుట్టూ మూగి చూశారు.

కుర్రాడు నా గదిలో కూర్చుని అంతా విన్నాడు. ముఖం చిట్లించాడు.

"పండగ మాదిరి ఉండాదక్కా. జనం నవ్వుతారు. ఆ అరిసే ముసలామె ఎవురు? కనీసం ఆమెనన్నా తీసెయ్."

"నీ సినిమాలో సచ్చిపోయిందే, ఆమే అనుకో. ఆమె అరుపు తీసేస్తే పలకలు కూడా తీసెయ్యాల. పలకలు తీసేస్తే నేను సేసిందంతా నాతో ఎత్తుకోని పోతాను. పాకం ఉడికేది, ఆమె నడిసేది, అన్నీ. నీకు వట్టి మాటలే మిగల్తాయి. ఆటికి ఎంత వయొలిన్ పెట్టుకుంటావో పెట్టుకో."

విసురుగా లేచి వెళ్లిపోయాడు. ఈ పని పోయినట్టే అనుకున్నాను. అయినా పిలవలేదు. సాయంత్రం ఫోన్ చేసి, "ఉండనీలేక్కా" అన్నాడు. మనసు మారిందో, వేరేవాళ్లు దొరకలేదో నాకు తెలీదు, నేను అడగలేదు.

తిరుపతిలో ఒక కాలేజీ హాల్లో సినిమా వేశారు. అవ్వనూ మామనూ బస్సులో పిలిపించి ముందు వరసలో నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను. చివరి సీను వచ్చింది. పాడె లేచింది, పలకలు పడ్డాయి. హాలంతా ఒక్కసారి కదిలింది. మామ తల వంచుకున్నాడు. మా వెనక కూర్చున్న పెద్దమనిషి ఒకాయన విసుక్కుంటూ, "ఏందబ్బా, సావులో ఈ గోల?" అన్నాడు.

అవ్వ కుర్చీలో మొత్తంగా వెనక్కి తిరిగింది.

"అది నా సావప్పా. నోరు మూసుకోని ఇను."