సునిమ్ వదిన ఎడమచెయ్యి

మా జిరిసాన్ కొండవాలు మీద నడుమెత్తు పొట్టి వెదురు తప్ప మరేదీ ఏపుగా పెరగదు. అది మంచుకు చావదు, కొడవలికి చావదు. చలికాలం వచ్చిందంటే ఊరంతా దాన్ని కోసుకొచ్చి, నిలువునా బద్దలుగా చీల్చి, నానబెట్టి, నీళ్ళలో బియ్యం గాలించి రాళ్ళు వేరుచేసే, మొనదేలిన గరిటెల్లాంటి జోరీలు అల్లుతుంది. కొత్త సంవత్సరం తెల్లవారుజామునే మగవాళ్ళు వాటిని దిగువ ఊళ్ళకు మోసుకెళ్ళి అమ్ముతారు. రెండు జోరీలు జతగా గోడకు వేలాడదీస్తే ఆ ఏడాదంతా ఇంట్లో అన్నానికి లోటుండదని అక్కడివాళ్ళ నమ్మకం. అల్లేవాళ్ళ ఇళ్ళల్లో అన్నం సంగతి వాళ్ళెప్పుడూ అడగలేదు.

పక్కింటి సునిమ్ వదినది ఎడమచేతివాటం. కాపురానికొచ్చిన మొదటి చలికాలమే ఆ సంగతి బయటపడింది. ఆమె అల్లిక బిగువుగా, ముచ్చటగా ఉండేది. కానీ జోరీ మొన అందరిదిలా కాక అవతలి వైపు తిరిగేది. కుడిచేత్తో గాలిస్తే బియ్యం జారి మళ్ళీ నీళ్ళలోనే పడేవి. అత్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మీ పుట్టింటివాళ్ళు చేతులు తిరగేసి పెట్టి పంపారా నిన్ను? దీంతో గాలిస్తే ఇంట్లో అదృష్టం వీధిలో పడుతుంది. నువ్వు బద్దలు చీల్చు, చాలు."

చీల్చింది. ఏళ్ళ తరబడి చీలుస్తూనే ఉంది. ఆ మొదటి జోరీని మాత్రం వంటింటి మేకుకు తగిలించుకుని, సొంత బియ్యం దాంతోనే గాలించుకునేది. ఇక మా ఊరి నీతి చూడండి. ఎవరింట్లో పురుడొచ్చినా, అదే అత్తగారు ముందుండి కోడల్ని పంపేది. పురుటింటి గుమ్మానికి కట్టే గడ్డితాడు ఎడమవైపే పేనాలి, లేకపోతే దయ్యాలు ఆగవట. పసిబిడ్డలకు కాపలా కాయడానికి పనికొచ్చిన చెయ్యి బియ్యం గాలించే జోరీకి పనికిరాలేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వదినకు ఒక్కతే కూతురు, వొల్సూన్. పాకే వయసులోనే ఏది కనబడినా ఎడమచేత్తో అందుకునేది. చాకు పట్టే వయసు రాగానే వదిన ఒక గడ్డితాడు పేని, పిల్ల ఎడమచేతిని నడుముకు కట్టేసింది. అన్నం తినేటప్పుడు కూడా విప్పలేదు.

"పసిదానికి ఎందుకొదినా ఈ శిక్ష?" అన్నాను.

"నేను పడింది అది పడకూడదు. అది అల్లిన జోరీ అమ్ముడుపోవాలి. అందరి మధ్యా కూర్చుని అల్లాలి" అంది. పిల్ల వైపు మాత్రం చూడలేదు.

కుడిచెయ్యి అలవాటయ్యాకే తాడు విప్పింది. అలవాటు అనడమే గానీ, ఆ చేతికి చాకు ఎప్పుడూ పరాయిదే. వొల్సూన్ అల్లేవాళ్ళ మధ్య కూర్చున్నది ఒక్క చలికాలమే. వెదురు చీలుస్తుంటే చాకు జారి, కర్ర పట్టుకున్న ఎడమ అరచేతిలోకి దిగింది. గాయం మానింది, కానీ మూడు వేళ్ళు ముడుచుకుపోయి అలాగే ఉండిపోయాయి. అల్లడానికి రెండు చేతులూ కావాలి. పెళ్ళి సంబంధాలు కూడా ఆ చెయ్యి చూసే వెనక్కిపోయాయి. వెదురాకులు కోసి, ఎండబెట్టి, కాచుకు తాగేవాళ్ళకు అమ్ముకునే పనిలో పడింది.

కొన్నేళ్ళకు మరల్లోనే రాళ్ళు తీసేసిన బియ్యం వచ్చాయి. గాలించే పనే లేకుండా పోయింది. జోరీలు గోడలకు తగిలించుకోవడానికే మిగిలాయి. ఆ రోజుల్లోనే జోరీలు కొనడానికి ఒక పట్నం వ్యాపారి ఊరికి వచ్చాడు. వదిన వంటింట్లో బార్లీనీళ్ళు తాగుతూ, మేకుకున్న పాత జోరీని చూశాడు. నేనూ అక్కడే ఉన్నాను. దాన్ని తీసి తన సంచీలోని జోరీ పక్కన పెట్టాడు. రెండు మొనలూ దణ్ణం పెట్టే చేతుల్లా ఒకదానికొకటి ఎదురుగా ఒదిగాయి.

"జత అంటే ఇదీ. కుడిదానికి ఎడమది. ఇలాంటివి ఎన్నున్నా పట్టుకుపోతాను. ఎవరల్లారు అవ్వా ఇది?"

వదిన చూపు కూతురి చేతి మీదికి పోయింది. వొల్సూన్ ఆ చేతిని పావడా మడతల్లోకి లాక్కుంది.

"ఎవరో ఒకావిడ. ఎప్పుడో పోయిందయ్యా" అంది వదిన. "ఈ ఊళ్ళో ఎడమచేతివాళ్ళు లేరు."

"ఒకత్తి ఉండేదండీ" అంది వొల్సూన్, అతని గిన్నెలో మళ్ళీ నీళ్ళు పోస్తూ. "చిన్నప్పుడే వాళ్ళమ్మ మాన్పించింది."

వ్యాపారికి ఏమీ అర్థం కాలేదు. నవ్వేసి, పోనీ ఇదొక్కటైనా అమ్ముతారా అని అడిగాడు.

"ఊరికే తీసుకుపో నాయనా" అంది వదిన. "నా కళ్ళముందు లేకపోతే అదే పదివేలు."

అతను వెళ్ళాక తల్లీకూతుళ్ళు ఆకులు కొయ్యడానికి కొండెక్కారు.