పట్టీలు వేసిన బొంత

బొంత కుట్టడం సరదా పని అనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఈమధ్య ఫోన్లో వీడియోలు వస్తున్నాయి. రంగురంగుల ముక్కలు నేలమీద పేర్చి, పక్కన పూలకుండీ పెట్టి, గోళ్ళకు రంగేసుకున్న చేతులతో ఎవరో మెల్లగా సర్దుతుంటారు. నాకు తెలిసిన బొంతపని అది కాదు. కింద కూర్చుని కూర్చుని మోకాళ్ళు పట్టేస్తాయి, పాత చీరల దుమ్ముకి తుమ్ములు ఆగవు, మందంగా ఉన్నచోట సూది తోసితోసి బొటనవేలు వాచిపోతుంది. అలాంటిది ఒక్క బొంత మాత్రం నేను నా ఇష్టంతో కుట్టాను. అదీ అలసిపోయి ఉన్న రోజుల్లోనే.

చీపురుపల్లి దాటాక రోడ్డు దిగి లోపలికి వెళ్ళే ఊరు మాది. వరి, వేరుశనగ, నారకోసం కొంచెం గోగు. ఇంటికి పెద్దకోడలిని కనుక తెల్లారకముందు గేదెలతో మొదలైన పని వంటింట్లోంచి పొలానికి, పొలంలోంచి వసారాలో ఉన్న కుట్టుమిషను దగ్గరికి వచ్చేది. ఊళ్ళో ఆడవాళ్ళ జాకెట్లన్నీ నా దగ్గరే. పెళ్ళిళ్ళ రోజుల్లో హుక్కులు కుట్టుకుంటూనే కునికేదాన్ని. ఎవరైనా వచ్చి 'నీకేం, ఇంట్లో కూర్చుని పని' అంటే కత్తెర విసిరికొట్టాలనిపించేది. విసిరితే మళ్ళీ సాన పట్టించుకోవాల్సింది నేనే కాబట్టి ఊరుకునేదాన్ని.

మా అత్తకు బొంతల విషయంలో ఒక పట్టు ఉండేది. కడుపుతో ఉన్నప్పుడు బిడ్డకోసం ఏదీ సిద్ధం చేయకూడదని మా వైపు అందరూ అనుకునేదే. చొక్కా కుట్టకూడదు, ఉయ్యాల దించకూడదు, పేరు అనుకోకూడదు. కానీ పుట్టగానే కింద వేయడానికి మెత్తని బొంత కావాలి, పురిటి రోజుల్లో అంత కుట్టడానికి ఎవరికి తీరుతుంది? అందుకని ఆవిడ ఒక దారి కనిపెట్టింది. నెల తప్పిందని తెలియగానే పాత నూలు చీరలు, మావయ్య పంచెలు చింపి చదరాలు చదరాలుగా కుట్టేది. వాటిని ఒకదానికొకటి కలిపేది కాదు. విడివిడిగా గోనెసంచిలో వేసి ఉంచేది. బిడ్డ పుట్టాక, పురిటి స్నానం లోపే, అన్నీ గబగబా కలిపి బొంత చేసేది. నా ఇద్దరు పిల్లలూ అలా కుట్టిన బొంతల మీదే బోర్లాపడ్డారు.

నా మొదటి కాన్పుకి ఆ పద్ధతి చూసి నవ్వాను. దేవుడిని మోసం చేద్దామనా అన్నాను. ఆవిడ నవ్వలేదు.

"ముక్కలు ముక్కలే గదే. బొంత అవ్వనేదు. ముక్కలకి ఏ దిష్టీ తగల్దు" అంది.

తర్వాత మా మరిదికి పెళ్ళయింది. నా తోటికోడలు అరసవల్లి పిల్ల. వాళ్ళ నాన్న గుడి దగ్గర ఆటో తోలేవాడు. ఇంటికి చిన్నకోడలు కనుక అందరం చిన్నది అనే పిలిచేవాళ్ళం. సన్నగా, గట్టిగా, మాటకు మాట చెప్పే మనిషి. నెల తప్పగానే అత్త చదరాలు మొదలుపెట్టింది. నెలలు నిండకుండానే కడుపు పోయింది. అత్త సంచి మూతి కట్టి అటక మీద పెట్టింది. ఏడాదిన్నర పోయాక మళ్ళీ దించింది, మళ్ళీ కొన్ని చదరాలు కుట్టింది, మళ్ళీ కట్టింది. రెండోసారి చిన్నది ఎవరి ముందూ ఏడవలేదు. పొలానికి వెళ్ళి పొద్దుపోయేదాకా గోగు కట్టలు మోసింది.

మూడోసారి, పెద్ద తుఫాను వచ్చిన ఏడాది. ఈసారి డాక్టరమ్మ మంచం దిగొద్దంది. చిన్నది నైటీలు వేసుకుని నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకునే ఉంది. దాని పని కూడా నా మీద పడింది. నిజం చెప్పాలంటే ఆ మంచం చూస్తే నాకు ఆశగా ఉండేది. అలా ఒక్క పూట వాలితే చాలుననిపించేది. అదేమో దూలాలు చూస్తూ, కాలు కిందపెట్టే మనుషులను చూసి ఆశపడేది. తుఫానుకి పెంకులు ఎగిరాయి, కరెంటు చాలా రోజులు రాలేదు, బావి నీళ్ళు చేదుకున్నాం. ఆ గొడవలన్నీ సర్దుకున్నాక, ఇక గండం గడిచిందిలే అనుకున్నాక, ఒక తెల్లవారుజామున చిన్నదాన్ని విజయనగరం ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఇద్దరం వెళ్ళి, బిడ్డ లేకుండా ఇద్దరమే తిరిగొచ్చాం.

ఆ చలికాలం చిన్నదానికి చలి పట్టుకుంది. జ్వరం కాదు. ఎండలో కూర్చోబెట్టినా చేతులు చల్లగానే ఉండేవి. మరిది చీపురుపల్లి వెళ్ళి పెద్ద రగ్గు కొనుక్కొచ్చాడు, దాని నిండా నోరు తెరిచిన పులిబొమ్మ. పాపం, వాడికి తోచిన ఓదార్పు అది. చిన్నది దాన్ని మడతపెట్టి మంచం కింద పెట్టేసింది. బరువుగా ఉంది, ఒంటికి ఏదో గుచ్చుకుంటోంది అంది. నేను నా చీరలు రెండు కలిపి కప్పాను. అవి నిద్రలో జారిపోయేవి.

ఒక మధ్యాహ్నం నేను మిషను దగ్గర ఉండగా వచ్చి పక్కన కూర్చుంది. కాసేపు కింద పడిన దారపు ముక్కలు ఏరింది. తర్వాత అటక వైపు చూపించింది.

"ఆ సంచి దించక్కా. బిడ్డ వస్తాదో రాదో నాకు తెల్దు. నాకయితే సలేస్తంది. ఆ ముక్కలు నాకు సరిపోయినట్టు కుట్టీ."

నా కాలు తొక్కుడుచెక్క మీద ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో అందరం పుట్టబోయే బిడ్డకి మెత్తగా ఉండాలనే చూశాం. అది తినకపోతే బిడ్డకోసమని తినిపించాం, నడిస్తే బిడ్డకోసమని కసిరాం. దానికేం కావాలని నేనడగలేదు, ఎవరూ అడగలేదు. నాకు ఏడుపొచ్చింది. కానీ నా చేతిలో పెళ్ళికూతురి జాకెట్టుంది, దాని మీద తడి పడితే మరక. కళ్ళు తుడుచుకుని సంచి దించాను.

అత్త ఊరుకోలేదు. ఆవిడ అరిచే మనిషి కాదు, గుమ్మానికి అడ్డంగా కూర్చుంది, అంతే. ఆ చదరాలు కలిపితే ఇక ఆ ఇంట్లో బిడ్డ ఆశ వదులుకున్నట్టేనని ఆవిడ బాధ. ఆశంతా అక్కడే మూటకట్టి పెట్టుకుంది మరి.

"కుట్టీసినాక ఇంకేటి మిగుల్తాదే?" అని నన్నే అడిగింది.

నేను నోరు తెరిచేలోపు వెనకనుంచి చిన్నది అంది.

"నాను మిగుల్తాను గదత్తా."

అత్త లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత కొన్ని రోజులు మా ఇద్దరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. కూరలో ఉప్పు ఎక్కువైందని కూడా అనలేదంటే ఎంత కోపమో అర్థం చేసుకోవచ్చు.

సంచిలోవి నేలమీద పరిచాక అసలు తలనొప్పి మొదలైంది. చదరాలు ఒక్క కొలతలో లేవు. అత్త టేపు వాడదు, వేళ్ళు చాపి జానతో కొలుస్తుంది. అన్నీ ఒకే జాన. కానీ మొదటిసారి కుట్టినవి పెద్దవి, రెండోసారివి కాస్త తక్కువ, చివరివి మరీ చిన్నవి. కళ్ళు మందగించి తప్పు కొలిచిందనుకున్నాను. తర్వాత గోడకి చెయ్యి ఆనించి లేస్తున్న ఆవిడను చూస్తే తెలిసింది. కీళ్ళవాతానికి వేళ్ళు వంకరపోయి ఆవిడ జాన తగ్గిపోయింది. ఆవిడకు తెలియకుండానే ప్రతి ఆశకీ చదరం కొంచెం చిన్నదైంది.

అన్నింటినీ చివరి చిన్న చదరాల కొలతకి కత్తిరిస్తే తేలిగ్గా అయిపోయేది. కానీ కత్తిరిస్తే బొంత ఇంకా పొట్టిదవుతుంది, అదీగాక వాటి మీద కత్తెర పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. ఉన్నవి పసిబిడ్డకు సరిపోయేవే. పెద్ద మనిషికి మెడనుంచి కాళ్ళదాకా రావాలంటే చదరానికీ చదరానికీ మధ్య పట్టీలు వేయాల్సిందే. చిన్న చదరాలకు వెడల్పు పట్టీ, పెద్దవాటికి సన్న పట్టీ వేస్తే తేడా కూడా కలిసిపోతుంది.

పట్టీలకు గుడ్డ ఏదని వెతుకుతుంటే చిన్నది లోపలికి వెళ్ళి మంచం మీద ఉన్నన్నాళ్ళూ వేసుకున్న నైటీలు తెచ్చి పడేసింది. కాఫీరంగు మీద చిన్న తెల్లపూలు. ఉతికి ఉతికి మెత్తబడ్డాయి. ఇంకెప్పుడూ వాటిని తొడగను, పారేయను కూడా అంది. వాటిని నిలువునా చింపాను. ఆ చప్పుడుకి పెరట్లోంచి అత్త తల తిప్పి చూసింది.

మొదట తప్పు చేశాను. లంగాకి అంచు వేసినట్టే ఒక వరసంతా కుట్టి, వరస కింద బారుగా ఒకే పట్టీ వేశాను, దాని కింద ఇంకో వరస. పరిచి చూస్తే నిలువు పట్టీలు ఒకదాని కింద ఒకటి రాలేదు. ఒకటి ఇటు జరిగింది, ఒకటి అటు. తాగినవాడి నడకలా ఉందని చిన్నది చాలా రోజుల తర్వాత నవ్వింది. దాని నవ్వు బాగానే ఉంది గానీ కుట్లన్నీ విప్పాల్సింది నేను. ఆ సాయంత్రమంతా కుట్టు విప్పుతూ నా పుట్టుకను తిట్టుకున్నాను.

రెండోసారి బారు పట్టీ వేయలేదు. అడ్డపట్టీని ఏ చదరానికా చదరంగా ముక్కలు చేసి, పట్టీలు నాలుగు వైపులనుంచి వచ్చి కలిసేచోట నాలుగు మూలల చిన్న గుడ్డబిళ్ళ పెట్టాను. జాకెట్ల లైనింగు గుడ్డ ఎర్రది మిగిలి ఉంది. అది రంగు పోతుంది, ముడుచుకుంటుంది, అందుకని ముందు నానబెట్టి ఆరేసి, తర్వాత కోశాను. ఆ బిళ్ళ ఉంటే ఇక దొంగతనం కుదరదు. పైవరస కుట్టు, కిందవరస కుట్టు దాని మూల దగ్గర కలిసి తీరాలి. కలవడానికి ఒక ఉపాయం ఉంది. బొగ్గుల ఇస్త్రీపెట్టెతో ఒక వరస కుట్టుమడతలు కుడికి, తర్వాతి వరసవి ఎడమకు వాల్చాలి. అప్పుడు మడతకు మడత ఆనుకుని కదలకుండా కూర్చుంటుంది. గుండుసూది గుచ్చి మిషను కింద పెట్టాలి. వరసకు వరస అలాగే చేశాను. మొదటి మూల నాలుగు వైపులా సరిగ్గా కలిసినప్పుడు నేను గట్టిగా ఊపిరి వదిలాను. సంతోషమో, నడుం నొప్పో, రెండూనేమో.

అప్పుడప్పుడు చిన్నదాన్ని పిలిచి నిలబెట్టి, కుట్టినంతవరకూ దాని మెడ దగ్గర పట్టుకుని చూసేదాన్ని. మోకాలి దగ్గర ఆగింది. ఇంకో వరస పట్టీ, ఇంకో వరస బిళ్ళలు. పిక్కల దగ్గర ఆగింది. నైటీ గుడ్డ అయిపోవచ్చింది. నాకు గాభరా పుట్టింది. ఈ ఒక్కటీ కూడా దానికి చాలకుండా పోతే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? చివరికి జేబు ముక్కలు, చేతుల ముక్కలు అతికించి చుట్టూ అంచు వేస్తే పాదాలు దాటింది.

లోపల పాత దుప్పటి, అడుగున నా నూలు చీర వేసి, దబ్బనంతో చిన్నదీ నేనూ చెరో పక్కనుంచి కుట్టుకుంటూ వచ్చాం. అత్త అటూ ఇటూ తిరుగుతూ చూసేది. ఒకసారి మాత్రం తన చదరం ఒకటి వేళ్ళతో తడిమి, వంకరపోయిన జానను దాని మీద పెట్టి చూసుకుని వెళ్ళిపోయింది.

పని పూర్తయిన రోజు మధ్యాహ్నం చిన్నది ఆ బొంత కప్పుకుని పడుకుంది. గోడవైపు తిరగలేదు. వెల్లకిలా, నోరు కొంచెం తెరుచుకుని, ఆసుపత్రినుంచి వచ్చాక ఎప్పుడూ పట్టనంత నిద్ర పట్టింది. నేను అంట్లు తోముతున్నాను. దాని వంతు అంట్లు కూడా నావే. నాకూ ఎవరైనా ఇలా ఒకటి కుట్టిపెట్టి, పడుకో అంటే బాగుండునని అనిపించింది. కొంచెం అసూయ, కొంచెం తృప్తి. ఒళ్ళంతా మాత్రం నొప్పి.

పొలంనుంచి మరిది వచ్చాడు. అన్నం పెట్టమని చిన్నదాన్ని పిలుస్తూ గదిలోకి వెళ్ళబోయాడు. అత్త కర్ర ఊతంగా గబగబా లేచి వాడికి ముందే గుమ్మం దగ్గరికి చేరింది. చెయ్యి అడ్డం పెట్టింది. లోపల చిన్నదాన్ని ఒకసారి చూసింది, కాళ్ళదాకా కప్పుకున్న బొంతను చూసింది.

"నేపకురా. ఆ బొంత దాన్ది. పడుకోనీ" అంది.

ఆ పూట వాడికి అన్నం ఆవిడే పెట్టింది.