గచ్చు పగలగొట్టాం, బావి దక్కింది

బొంబాయి కామాటిపురలో మా చాల్ వాకిట్లో, అంటే వరస గదుల్లో అందరం కాపురముండే లోగిట్లో, ఒక బావి ఉండేది. కుళాయి నీళ్లు తెల్లవారుజామున కాసేపు వచ్చి పోయేవి. అవి తాగడానికి, వంటకు. స్నానాలకు, బట్టలకు, అంట్లకు బావే దిక్కు. ఎనభైల్లో ఒక ఏడు ఆ బావిని పూడ్చేస్తామన్నారు. అది ఎలా దక్కిందో అప్పుడే రాసి పెట్టుకుందామంటే నాకు అక్షరం రాదు. ఇప్పుడు వచ్చు, రాస్తున్నాను.

గల్లీలో పడ్డ వాన నీళ్లన్నీ మా వాకిట్లోని కాలువలో, బావి పక్కనుంచి, ఫోరస్ రోడ్డు గటారులోకి, అదే పెద్ద మురుక్కాలువలోకి, పోయేవి. మొదట అది మట్టి కాలువ. గడ్డి మొలిచి, అడుగున చెత్త పేరుకుని, ఎండాకాలం కంపు కొట్టేది. మా మగవాళ్లంతా పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీలు. మేస్త్రీ కంటికి మట్టి కనబడితే చేతులు ఊరుకోవు. మా ఆయన అన్న, నాకు బావ, అందరికీ పెద్దమేస్త్రీ. ఆయనే గడ్డి పీకించి, కాలువ పొడుగునా అద్దంలాంటి గచ్చు చేయించాడు. చూడవచ్చిన చుట్టాలు మెచ్చుకుని పోయారు.

మొదటి వాన పడింది. ఎండలన్నాళ్లూ గల్లీలో పేరుకున్న నూనె, బూడిద, మేకల పెంట ఒక్క ఉరుకున వచ్చాయి. నున్నటి గచ్చు మీద ఆపేదేముంది? బావి పక్క వంపు దగ్గర ఎగిరి బావిలో పడ్డాయి. నీళ్ల మీద నూనె తెట్టె కట్టింది. మున్సిపాలిటీ ఆఫీసరు వచ్చి ముక్కు మూసుకున్నాడు. పై ఏడు మొదటి వానకు మళ్లీ చూస్తానని, అప్పుడూ ఇలాగే ఉంటే రాళ్లు పోసి మూసేస్తానని చెప్పి పోయాడు.

బావి తోడి తోడి ఆడవాళ్లకు నడుములు పడిపోయాయి. బావ మాత్రం గచ్చునే పట్టుకుని వేలాడాడు.

"ఇంకింత వాలు చేస్తె నీళ్లు జల్ది పోతయ్," అన్నాడు.

"జల్ది వచ్చుడే మన కొంప ముంచింది బావా. మనూర్ల వాగు ఎండి ఎండి ఉంటది. కొత్త నీళ్లొస్తె ఎవ్వరన్న ముట్టుతరా? ఇసుకల చెలమ తీసుకొని తాగుతం గని," అన్నాను నేను.

"ఇది వాగు గాదు, బంబై."

"నీళ్లకేం ఎరుక, ఊరో బంబైయో? గచ్చు తీసి ఇసుక పోద్దం."

"నా గచ్చు మీద గడ్డపార వడితే మంచిగుండదు మర్దలా."

"మాతోని యాడ పలుగుతది? అంత గట్టిగ చేస్తివి. నువ్వే వచ్చి పలగ్గొట్టు."

ఆడవాళ్లంతా నవ్వారు. మా ఆయన బీడీ వెలిగించుకుని అటు తిరిగాడు. మేమే మొదలుపెట్టాం. బావ కాసేపు గుమ్మంలో కూర్చుని చూశాడు. "మీకు పట్టుడు రాదు, కొట్టుడు రాదు," అని గొణుగుతూ లేచి నా చేతిలో గడ్డపార లాక్కున్నాడు. సాయంత్రానికి తన గచ్చంతా తనే పెళ్లగించాడు.

గల్లీ మొదట్లో చెత్త ఆగడానికి గుంత తవ్వాం. కాలువలో కంకర, దాని మీద ఇసుక, అక్కడక్కడ అడ్డంగా ఇటుక ముక్కలు, అంచుల్లో గడ్డి. ఎండాకాలం అంట్లు కడిగిన నీళ్లు వంతులేసుకుని గడ్డికి పోశాం. వానల ముందు గుంతలో మురికి ఎత్తేశాం.

మళ్లీ మొదటి వాన. చాల్ అంతా వరండాల్లో నిలబడింది. నల్లటి నీళ్లు ఉరికొచ్చి గుంతలో పడ్డాయి. అక్కడినుంచి గడ్డిలో పాకుతూ, ఇటుకల దగ్గర ఆగుతూ కదిలాయి. వంపు దగ్గరికొచ్చేసరికి నలుపు పోయి చాయ్ రంగు. ఎగరలేదు. బావి పక్కనుంచి సాధువుల్లా నడిచి వెళ్లిపోయాయి.

వాన వెలిశాక ఆఫీసరు వచ్చాడు. వెనక గల్లీ మొగదల రాళ్ల లారీ. నేను బొక్కెన చేది ఆయన ముందు పెట్టాను. వంగి చూశాడు, వాసన చూశాడు. ఆ నీళ్లతోనే బురద కాళ్లు కడుక్కున్నాడు. లారీని వెనక్కి తిప్పమని చేయి ఊపాడు.

బావ లారీ వెంట పరిగెత్తాడు. "రెండు గంపలు దింపి పో భాయ్, కాల్వకు పనికొస్తయ్," అన్నాడు.

దింపించుకుని వచ్చి, తాపీ తీసి వంగాడు. ఆ తాపీ నేను లాక్కున్నాను.

"రాళ్లు ఊకె పేర్వు బావా. పూత మాత్రం పూయకు."