చప్పుడు వినిపిస్తేనే పడాలి

నా చిన్నప్పుడు నేను చేసిన తెలివితక్కువ పనులన్నిటినీ వరసలో నిలబెడితే, ఆ వరస చోడవరం బస్టాండు దగ్గర మొదలై వడ్డాది సంత దాకా సాగుతుంది. అందరికంటే ముందు నిలబడే పని మాత్రం ఒకటే. సరిహద్దులో యుద్ధం జరుగుతున్న రోజుల్లో, ఎవరూ బలవంతం చేయకుండా, నా అంతట నేనే చెయ్యెత్తి దేశానికి శత్రువుగా ఉంటానని ఒప్పుకున్నాను.

కార్గిల్ కొండల పేరు మా ఊళ్ళో అందరి నోళ్ళలోనూ నానుతున్న ఏడాది అది. నాకు పదకొండేళ్ళు. గోవాడ ఫ్యాక్టరీలో చెరుకు ఆడటం అయిపోయి, మా నాన్నతో సహా సగం ఊరు తీరిగ్గా ఉన్న కాలం. సాయంత్రం వార్తల వేళకు టీవీ ఉన్న ప్రతి ఇంటి ముందూ చెప్పుల గుట్ట పడేది. జవాన్ల సహాయనిధికి మనమూ ఏదో ఒకటి చెయ్యాలని పెద్దలు అనుకున్నారు. సినిమా హాలు యజమాని ఒక ఆదివారం మార్నింగ్ షో వసూలంతా అందుకు వదిలిపెట్టాడు. మొదట మా పక్కింటి అక్క డాన్సు, తరవాత మా స్కూలు డ్రిల్లు మాస్టారు రాసిన యుద్ధం నాటిక, ఆపైన ఒక పాత సినిమా. మైకు కట్టిన ఆటో ఒకటి కె.కోటపాడు దాకా తిరిగి ఈ సంగతి చెప్పి వచ్చింది.

నాటికకు పిల్లల్ని ఏరుకునే రోజున చిక్కొచ్చిపడింది. జవాను వేషానికి ఇరవై చేతులు లేచాయి, శత్రువు వేషానికి ఒక్కటీ లేవలేదు. "శత్రువు లేకండా యుద్ధం ఎవడితో సేస్తార్రా, నాతోనా?" అని మాస్టారు విసుక్కున్నారు. కాసేపు ఆలోచించి, శత్రువుకి నల్లకళ్ళద్దాలూ, అంటించుకునే మీసమూ ఉంటాయని చెప్పారు. ఆ మాట పూర్తి కాకముందే నా చెయ్యి లేచిపోయింది. మీసం నాకెలాగూ ఎప్పటికైనా వస్తుంది, నల్లకళ్ళద్దాలు వస్తాయన్న నమ్మకం మాత్రం లేదు. రెండు అద్దాల కోసం దేశాన్ని అమ్మేసినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

మర్నాటికి నా పేరు పోయింది. వీధిలో అందరూ "ఒరే శత్రూ" అనే పిలిచేవారు. గోళీల్లో నన్ను చేర్చుకోలేదు. మా అమ్మ కూడా అన్నం వడ్డిస్తూ, "అంతమంది కుర్రగుంటలున్నారు కదా, ఈ ఏసం నీకే దొరికిందేటిరా?" అంది. ఇరవైమంది జవాన్లకు ఎదురుగా నేనొక్కణ్ణే శత్రుసైన్యం. సైన్యం మొత్తానికీ కలిపి ఒక చొక్కా, అదీ మా నాన్నది.

హీరో బెల్లం షావుకారు గారబ్బాయి. నటన వచ్చని కాదు, నాటికలో ఉన్న ఏకైక తుపాకీ వాళ్ళది. దీపావళికి కొన్న రీలు తుపాకీ అది. ఎర్రని కాగితం చుట్టలో మందుబొట్లుంటాయి, గుర్రం నొక్కితే ఢామ్మని పేలుతుంది. ఆ రీళ్ళు జూన్ నెలలో ఏ కొట్లోనూ దొరకవు కాబట్టి, వాళ్ళింట్లో అటక మీద మిగిలినవి అసలు రోజుకని దాచిపెట్టారు. రిహార్సల్లో తుపాకీ పేలుడుకి బదులు మాస్టారు ఈల ఊదేవారు. ఈలకంటే ముందు మాత్రం ఆ అబ్బాయి తుపాకీ మడమతో నా పక్కటెముకల మీద నిజంగానే ఒకటిచ్చుకునేవాడు. ఆ దెబ్బ తప్పించుకోవాలని నేను ఈల వినపడకముందే కూలబడిపోయేవాణ్ణి. మాస్టారికి అది నచ్చేది కాదు.

"సప్పుడు వినపడితేనే పడాలి. సప్పుడు లేకండా పడ్డావంటే తొక్క తీసేస్తాను, తెలిసిందా?" అనేవారు రోజుకు నాలుగుసార్లు.

అదంతా భరించేవాణ్ణే. షావుకారు గారు ఒకరోజు రిహార్సల్ చూడ్డానికి వచ్చి ఆఖరి ఘట్టాన్ని మార్చేశారు. శత్రువు పడిపోయాక వాళ్ళబ్బాయి నా గుండె మీద బూటుకాలు పెట్టి జెండా ఎత్తుతాడట. ఫొటోగ్రాఫరు అది తీస్తాడట. దాన్ని పెద్దది చేయించి, హాలు ముందు సినిమా బొమ్మలుండే అద్దాలపెట్టెలో పెడతారట. ఆ పెట్టెలో చోటంటే మా ఈడు పిల్లలకు స్వర్గంలో సీటు. కానీ నాకు దొరికింది బూటు కింద సీటు. ఆ హాలు ముందునుంచే మా అమ్మ రోజూ కూరగాయలకు వెళ్ళేది. ఆ బొమ్మ చూసి ఆవిడ తల దించుకుని నడవడం నాకు అప్పుడే కళ్ళకు కట్టింది. మానేస్తానని మా నాన్నతో అన్నాను. "ఒప్పుకున్నాక మానేత్తావేటి?" అని ఆయన పేపరు తిప్పారు.

పక్కింటి అక్క గురించి ఇక్కడ చెప్పాలి. డిగ్రీ చదివేది. విశాఖపట్నంలో పిన్నిగారింట్లో ఉన్నప్పుడు డాన్సు నేర్చుకుంది. ఆమె అన్నయ్య సైన్యంలో ఉన్నాడు, ఆ కొండల్లోనే. మూడు వారాలుగా ఉత్తరం లేదు. ఒక ఉదయం నలుగురు పెద్దమనుషులు వాళ్ళ వీధి అరుగు మీదికి వచ్చారు. నేను మా ప్రహరీగోడ మీద జామకాయ కొరుకుతూ అంతా విన్నాను.

"అక్కడ నీ అన్న తుపాకులకి ఎదురుగా ఉన్నాడు. ఇక్కడ నువ్వు గజ్జెలు కడితే జనం ఏటనుకుంటారమ్మా? డాన్సొక్కటీ మానీ," అన్నారు వాళ్ళలో పెద్దాయన.

అక్క గొంతు పెంచలేదు. "నన్ను డాన్సు మానిపించడానికి మా అన్న యుద్ధానికెళ్ళలేదు తాతా. ఎళ్ళేటప్పుడు నాకు గజ్జెలు కొనిచ్చి మరీ ఎళ్ళేడు. ఆడొచ్చి ఎందుకు మానేసేవంటే మీ పేరే సెప్పనా?" అంది.

"మేం లేచిపోతాం మరి," అన్నారాయన.

"లెగిసిపోడానికి ముందొచ్చి కూకోవాలి కదా. ముందు వరసలో కుర్సీలేయిత్తాను," అంది.

వాళ్ళు వెళ్ళిపోయాక నేను గోడ దూకి ఆమె ముందు నిలబడి, నేను నాటికలో ఉండనని చెప్పాను. ఫొటో సంగతీ, బూటు సంగతీ, అమ్మ సంగతీ చెప్పేసరికి ఏడుపొచ్చేసింది. ఆమె ఓదార్చలేదు. ఎలా పడతావో ఒకసారి పడి చూపించమంది. పడ్డాను.

"బెల్లందిమ్మ బండి మీంచి జారినట్టుంది," అని నవ్వింది.

ఆ వారం రోజులూ వాళ్ళ పెరట్లో, గోడ కట్టడానికి తెచ్చిన ఇసకకుప్ప మీద నాకు పడటం నేర్పింది. ముందు మోకాలు, తరవాత నడుము, ఆ తరవాత భుజం, అన్నిటికన్నా ఆఖరున తల. అరచెయ్యి గుండె మీద ఉండాలి, కళ్ళు వెంటనే మూసేయకూడదు. పడటం కూడా డాన్సే అంది. పడ్డప్పుడు నాకు అన్నం పెట్టేవాళ్ళని తలుచుకోమంది. శత్రువుకి అమ్మ ఉంటుందా అని అడిగాను.

"మా అన్నకి ఎదురుగా ఉన్నోడు కూడా రాత్రి ఇంటికి ఉత్తరం రాసుకునే ఉంటాడు కదేటిరా," అంది. ఉత్తరం అన్న మాట దగ్గర ఆమె కొంచెం ఆగింది.

నేను మళ్ళీ పారిపోతానన్నాను. "పారిపోతే ఆడు ఇంకో గుంటడి మీద కాలెడతాడు, అంతే. నువ్వు పడు. ఆడు తోసేడని మాత్రం పడకు. మీ మాస్టారేటన్నారు? సప్పుడు వినపడితేనే కదా? ఆ మాట గట్టిగా పట్టుకో," అంది. షావుకారు గారి ఆడపిల్లలిద్దరూ ఆమె దగ్గరే డాన్సు నేర్చుకునేవారు. ఆ ఇంటి అటక సంగతి ఆమెకు ముందే తెలుసేమోనని నాకు ఇప్పటికీ అనుమానం.

ఆదివారం హాలు నిండింది. మాస్టారి ఇరవైమంది జవాన్లు ముఖాలకు పౌడరు కొట్టుకుని సరిహద్దుకు బదులు అత్తవారింటికి వెళ్తున్నట్టున్నారు. ముందు వరసలో కుర్చీలు వేసి ఉన్నాయి, పెద్దమనుషులు నలుగురూ వాటిలోనే ఉన్నారు. అక్క మైకు ముందుకొచ్చి, "మా అన్న ఇక్కడుంటే ముందు వరసలోనే కూకునేవాడు," అని ఒక్క మాట చెప్పి మొదలుపెట్టింది. నేల టిక్కెట్టులో ఈలలేసేవాళ్ళు కూడా ఆ పావుగంటా ఊపిరి బిగబట్టారు. లేచిపోతామన్న పెద్దలు ఎవరూ లేవలేదు. అయిపోయాక పెద్దాయన కండువాతో మొహం తుడుచుకోవడం నేను తెర పక్కనుంచి చూశాను. ఆ రోజు ఉక్కపోత కూడా ఎక్కువేలెండి.

తరవాత మా యుద్ధం. ఆఖరి ఘట్టంలో హీరో గురిపెట్టాడు. ఢాం. నేను అమ్మను తలుచుకుని మోకాలు, నడుము, భుజం, తల అనుకుంటూ పడ్డాను. నా ఛాతీ మీదికి బూటు లేచింది. సరిగ్గా అప్పుడే వెనక బెంచీల్లోంచి ఒక ముసలి గొంతు, "ఒన్స్ మోర్," అంది.

పద్యనాటకాలు చూసి పెరిగిన జనం వాళ్ళు. పద్యం బాగుంటే ఒన్స్ మోర్ కొట్టడం, చచ్చిపోయిన పాత్ర అయినా సరే లేచి మళ్ళీ పాడటం మా వైపు మర్యాద. చావుకి ఒన్స్ మోర్ కొట్టడం మాత్రం ఆ రోజే మొదలు. హాలంతా అందుకుంది. మాస్టారు పక్కనుంచి లెమ్మని సైగ చేశారు. లేచాను. ఎత్తిన కాలు దించుకుని హీరో మళ్ళీ గురిపెట్టాడు. ఢాం. ఈసారి ఇంకా నెమ్మదిగా పడ్డాను. బూటు లేచింది, ఒన్స్ మోర్ లేచింది, నేనూ లేచాను. మూడోసారీ అంతే. పడ్డవాళ్ళెప్పుడూ చెడ్డవాళ్ళు కారని పెద్దలు ఊరికే అనలేదు. ఆ హాల్లో దేశభక్తులంతా శత్రువు అభిమానులైపోయారు.

నాలుగోసారి గుర్రం నొక్కాడు. టిక్కు. ఇంకోసారి నొక్కాడు. టిక్కు. అటక మీద చెమ్మ పట్టిన దీపావళి ఎంతవరకు పేలుతుంది? నేను నిలబడే ఉన్నాను. నల్లకళ్ళద్దాల వెనక భయపడే మనిషి ఎవరికీ కనబడడు, కళ్ళద్దాలకు అంతకన్నా గొప్ప ఉపయోగం లేదు.

"పడరా," అన్నారు మాస్టారు తెర పక్కనుంచి, పళ్ళ మధ్యనుంచి.

"సప్పుడు రాలేదు మాస్టారూ," అన్నాను.

హీరో తుపాకీని దులిపాడు, తొడకేసి కొట్టాడు, గొట్టంలోకి ఒంటికన్నుతో చూశాడు. నవ్వు నేల టిక్కెట్టులో మొదలై బాల్కనీ ఎక్కింది. ముందు వరసలో షావుకారు గారు కుర్చీలో అటూ ఇటూ కదిలారు. వాడు నా దగ్గరకొచ్చి, "పడిపోరా శత్రూ, నాన్న సూస్తన్నాడు," అని గుసగుసలాడాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. అంతవరకు వాడికీ ఒక నాన్న ఉన్నాడని నేను ఆలోచించలేదు. శత్రువైన నేను మన దేశాన్ని ఓడించి ఇంటికెళ్ళడం కూడా బాగుండదు. అందుకని సంధి చేశాను.

"పోనీ నోటితో అనరా, పడతాను," అన్నాను.

మా ఇద్దరి మధ్యా మైకు ఉందన్న సంగతి మర్చిపోయాను. మర్చిపోయాననే అందరికీ చెబుతుంటాను. హాలు గొల్లుమంది. వాడు గొంతు సవరించుకుని, నోరు పూర్తిగా తెరిచి "ఢాం" అన్నాడు. ఫొటోగ్రాఫరు బల్బు సరిగ్గా అప్పుడే వెలిగింది. నేను ఇచ్చిన మాట తప్పలేదు. అక్క నేర్పినట్టు, తీరిగ్గా, నా ఇష్టంతో నేనే పడ్డాను. మళ్ళీ ఒన్స్ మోర్ అంటారేమోనన్న భయంతో తెర లాగేవాడు బూటు లేవకముందే తెర దించేశాడు.

ఫొటో ఆర్డరు ముందే ఇచ్చేశారు కాబట్టి ఫొటోగ్రాఫరు తన పని తాను చేశాడు. వారం తిరక్కుండా అద్దాలపెట్టెలో ఆ బొమ్మ వెలిసింది. నల్లకళ్ళద్దాలతో నిటారుగా నిలబడ్డ నేను, నా ముందు నోరు తెరిచిన భారత సైన్యం. షావుకారు గారు మనిషిని పంపి తీయించేదాకా అది అక్కడే ఉంది. ఆ నాలుగు రోజులూ మా అమ్మకు రోజుకు రెండుసార్లు కూరగాయలు అవసరమయ్యాయి. చలికాలంలో అక్క అన్నయ్య సెలవు మీద క్షేమంగా వచ్చాడు. కథంతా నా చేత చెప్పించుకుని, ఇసకకుప్ప మీద నన్ను మళ్ళీ ఒకసారి పడమన్నాడు. పడ్డాను. ఆయన మాత్రం నవ్వలేదు, చెయ్యిచ్చి లేపాడు.

ఆ తరవాత నా మీదికి చాలా తుపాకులు లేచాయి. నిన్ను తీసేయిస్తాం, నీ సంగతి చూస్తాం, నీకు చోటు లేకుండా చేస్తాం అన్నవాళ్ళు ఉద్యోగంలోనూ ఉన్నారు, చుట్టాల్లోనూ ఉన్నారు. నేను ధైర్యవంతుణ్ణి కాను. కానీ చప్పుడు వినిపించేదాకా పడను. సగానికి సగం టిక్కుమనేవే. నిజంగా పేలిన ఒకటి రెండిటికి ముందు మోకాలు, తరవాత నడుము, ఆపైన భుజం. తల మాత్రం ఇంతవరకు నేలకు తగల్లేదు.

షావుకారు గారబ్బాయి ఇప్పుడు తనే షావుకారు. మా ఇద్దరి పిల్లలూ బడికి వెళ్తున్నారు, మా ఇద్దరికీ చెవుల పక్కన నెరుపు మొదలైంది. బజార్లో ఎదురైనప్పుడల్లా నేను దారికి అడ్డంగా ఆగి గుండె మీద చెయ్యి వేసుకుంటాను. ఆయన అటూ ఇటూ చూసుకుంటాడు. దగ్గర్లో ఎవరూ లేరని నమ్మకం కుదిరాక, నోరు కొంచెమే తెరిచి, మెల్లగా "ఢాం" అంటాడు. అది వినిపించాకే దారి ఇస్తాను.