బందు రోజుల్లో బాగుచేసిన లారీ

జగిత్యాలలో మేము కాపురం పెట్టిన ఇంటి ముందు కొంచెం ఖాళీ జాగా ఉండేది. మా ఆయన లారీ అక్కడే ఆగేది. ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన పాత బండి. ఇద్దరి చేతులు మారి మా దగ్గరికి వచ్చింది. ఆయన దాంట్లో సిరిసిల్ల మరమగ్గాలకు నూలు వేసుకుపోయి, తిరిగి వచ్చేటప్పుడు బట్ట తానులు తెచ్చేవాడు. నేను ఇంట్లో బీడీలు చేసేదాన్ని. లారీ వెళ్లిపోయిన ప్రతి పొద్దునా అది ఆగిన చోట నల్లటి మరక ఉండేది. దాని మీద ఇంత బూడిద చల్లి ఊడ్చేదాన్ని.

ఇంజన్ ఆయిలు కారుతోందని ఇద్దరికీ తెలుసు. ఆయన సీటు వెనక ఒక డబ్బా పెట్టుకుని, దారిలో బండి ఆపి పోసుకునేవాడు. చిక్కంతా ఆ ఆపడంతోనే వచ్చింది. అవి అన్నలు, అంటే నక్సలైట్లు, తిరిగే రోజులు. ఏ బండి ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది అన్నది కూడా ఎవరో ఒకరు అడిగే సంగతే.

ఒకసారి కొడిమ్యాల దాటాక గుట్టల పక్కన ఆయన బండి ఆపాడు. ఇంజన్ చల్లారేదాకా ఉండి, ఆయిలు పోసుకుని వచ్చేశాడు. మర్నాడు పోలీసులు ఆయన్ని దారిలో ఉన్న ఒక ఠాణాకు పిలిచారు. రోడ్డు పక్కన అంత ఆయిలు కారిందంటే బండి చాలాసేపు నిలబడిందన్నమాట, ఎవరి కోసం నిలబడింది అని అడిగారు. పొద్దటి నుంచి సాయంత్రం దాకా బల్ల మీద కూర్చోబెట్టి పంపించారు. వారం తిరగకముందే వెల్గటూర్ దిక్కు పోయినప్పుడు, ముక్కూ మొహం తెలియని ఇద్దరు మనుషులు బండి ఆపి, ఠాణాకు ఎందుకు పోయావు, అక్కడ ఏం చెప్పావు అని మెల్లగానే అడిగారు. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని, తినకుండానే లేచాడు.

లారీలు బాగుచేసే షెడ్డు మేస్త్రి వంగి కింద చూసి, ఇంజన్ వెనక ఆయిలు కారకుండా ఆపే సీలు పోయిందన్నాడు. ఇంజన్ దించాలి, పదిహేను రోజులు పడుతుందన్నాడు. మా ఆయన ఇంటికి వచ్చి, ఈ బండిని పాత ఇనుముకు ఇచ్చేస్తానని చెప్పాడు.

అప్పుడే మా బాపు కోరుట్ల నుంచి నన్ను చూడటానికి వచ్చాడు. వచ్చిన మర్నాటి నుంచి రెండు రోజులు బందు. బస్సులు లేవు, దుకాణాలు మూసేశారు. బాపు మాతోనే చిక్కుకుపోయాడు. ఆయన చేనేత మనిషి. రెండేళ్ల కింద మగ్గం విప్పేసి అటక మీద పెట్టాడు. చూపు కొంచెం మసకబారింది. నన్ను మగ్గం ఉన్న ఇంటికే ఇవ్వాలని ఆయనకు ఉండేది, లారీ నడిపేవాడికి కాదు. అందుకే మామా అల్లుళ్లు ఒకరితో ఒకరు మాట్లాడేది తక్కువ. మంచిచెడ్డలు అడిగి ఊరుకునేవాళ్లు.

బందు మొదటి పొద్దున బాపు చాయ్ తాగుతూ లారీ వైపు చూస్తున్నాడు. మా ఆయన దాని పక్కనే తల వంచుకుని నిలబడ్డాడు. బాపు అడిగాడు.

"అల్లుడా, తడి పైన గిట్ల ఉన్నదా, కిందనే ఉన్నదా?"

"మేస్త్రి చూసిండు మామా. ఎనుక సీలే పోయిందన్నడు."

"మేస్త్రి చూసిండు, సరే. నువ్వు చూసినవా?"

మా ఆయన మొహం ఎర్రబడింది. పోయి బానెట్ లేపాడు. చూద్దామన్నా అక్కడ కనపడేది ఏమీ లేదు. ఏళ్ల తరబడి కారిన ఆయిలు మీద దుమ్ము పడి, ఇంజన్ అంతా నల్లటి మందపాటి పెంకు కట్టింది. కొంచెం సేపటికి ఆయన లోపలికి వచ్చి, ఆ మురికి వదిలించడానికి గాసునూనె, అదే కిరోసిన్, ఎంత ఉందని నన్ను అడిగాడు.

ఆ రోజంతా గీకుడే. బందు వల్ల నాకు బీడీ కంపెనీ నుంచి ఆకు రాలేదు, చేతిలో పని లేదు. నేను కూడా కొంగు దోపుకుని నిలబడ్డాను. ఆయన పుల్లతో, రేకు ముక్కతో గీకేవాడు. సిరిసిల్ల నుంచి ఆయన తెచ్చిన నూలు చెత్తను నేను గాసునూనెలో ముంచి తుడిచేదాన్ని. మురికైన చెత్తను బాపు ఒక గంపలో వేసి పక్కన పెట్టేవాడు. మగ్గం వదిలాక బాపు అంత సేపు ఒక పని దగ్గర కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి. పొద్దు గూకేసరికి లోపలి ఇనుము బూడిద రంగులో బయటపడింది.

రెండో రోజు ఇంజన్ పొడిగా ఉంది. ఎక్కడ తడి మొదలవుతుందో తెలియాలంటే ఏదైనా తెల్లటిది చల్లాలని మా ఆయన అన్నాడు. నేను మొహానికి రాసుకునే పౌడరు డబ్బా తెచ్చి, ఇంజన్ పైనా పక్కలా చల్లాను. ఆయన బండి స్టార్ట్ చేశాడు. ముగ్గురం ఇంజన్ ముందు తిరిగే ఫ్యానుకు దూరంగా నిలబడి చూశాం. పావుగంట గడిచింది. ఇంజన్ నెత్తిన ఒక రేకు మూత ఉంటుంది, దాన్ని టాపెట్ కవర్ అంటారు. దాని వెనక మూలన పౌడరు తడిసి నల్లబడింది. అక్కడి నుంచి సన్నటి చార ఇంజన్ వెనక వైపుగా జారి, సీలు ఉండే చోటికి దిగింది.

"సీలు కాదు," అన్నాడు మా ఆయన. ఇంజన్ ఆపేసి మళ్లీ అదే మాట అన్నాడు.

ఇంజన్ చల్లారాక మూత విప్పాడు. దాని అంచు కింద ఆయిలు కారకుండా పెట్టే ప్యాకింగు మాడిన రొట్టెలా పెళుసెక్కి, ముక్కలు ముక్కలుగా ఊడొచ్చింది. బాపు మూతను ఒళ్లో పెట్టుకుని, అంచు వెంబడి మెల్లగా వేలు నడిపాడు. ఒక బోల్టు దగ్గర ఆగాడు, తర్వాత ఇంకొకదాని దగ్గర.

"గీడ వంగింది. గిక్కడ గూడ."

మా ఆయన మూత తీసుకుని, తానూ వేలితో చూశాడు.

"నేనే వంచిన మామా. కారినప్పుడల్ల పానా ఏసి ఇంకింత బిగిచ్చిన."

బాపు ఆ మాట పట్టుకుని ఏదైనా అంటాడేమోనని నేను భయపడ్డాను. ఆయన తప్పు పట్టలేదు. పడుచు వయసులో మగ్గం మీది పడుగు, అంటే నిలువు పోగుల వరస, వదులైందని లాగి లాగి, పోగులు తెంపి తండ్రి చేత తిట్లు తిన్న సంగతి చెప్పాడు. అది నేను కూడా ఎప్పుడూ వినలేదు. మా ఆయన నవ్వాడు.

గడప ముందున్న నున్నటి బండ మీద మూత పెట్టి, మా ఆయన చెక్క సుత్తెతో చిన్న చిన్న దెబ్బలు వేశాడు. నాలుగు దెబ్బలకోసారి బాపు వేలితో తడిమి, ఇంకా ఉందని కొంచెం తల ఊపేవాడు. అంచు చదునయ్యేసరికి మధ్యాహ్నమైంది.

పనిముట్ల పెట్టెలో బెండులాంటి పలచటి కార్కు షీటు ముక్క ఒకటి ఉంది. దాని నుంచి కొత్త ప్యాకింగు కోయాలి. మా ఆయన చేతిలో కత్తెర సరిగా తిరగడం లేదు. రోజూ తునికాకును కొలత రేకు చుట్టూ కోసేదాన్ని నేను. బీడీల కత్తెర తెచ్చి, పెన్సిలు గీత వెంబడి కోశాను. ముక్క పొడుగు చాలలేదు. రెండు ముక్కలు చేసి, కొసకు కొస ఆనించి పెట్టాం.

బిగించి ఇంజన్ నడిపితే ఆ అతుకు దగ్గరే తడి వచ్చింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. బందు కాబట్టి ఇంకో ముక్క దొరికే వీలు లేదు. మిగిలిన కార్కు చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాను. ఈసారి ఒక కొసను నాలుకలా, రెండో కొసను దానికి సరిపడే నోరులా కోశాను. ఒకదానిలో ఒకటి ఇమిడింది. మా ఆయన దానికి పలచగా గ్రీజు రాసి, మూత పెట్టి, బోల్టులను కొంచెం కొంచెంగా, ఒక మూల తర్వాత ఎదుటి మూల బిగించాడు. చివరి బోల్టు దగ్గర ఆయన చెయ్యి ఇంకో తిప్పు తిప్పబోయి ఆగింది. పానా తీసి కింద పెట్టాడు.

బండి కింద పాత పేపర్లు పరిచి అరగంట నడిపాం. పేపరు మీద ఒక్క చుక్క కూడా పడలేదు. బాపుకు సరిగా కనపడక, వంగి అరచేత్తో పేపరంతా తడిమి చూసుకున్నాడు.

బందు అయిపోయిన పొద్దున బాపును దింపడానికి ముగ్గురం లారీలోనే కోరుట్ల బయల్దేరాం. దారిలో పోలీసులు ఆపారు. ఒక జవాను వంగి బండి కిందికి చూసి లేచాడు. ఎక్కడికని అడిగితే మా ఆయన తానే దిగి, మా మామను ఇంట్లో దింపడానికి పోతున్నామని చెప్పాడు. ఆ రోజుల్లో ఆయన తడబడకుండా పోలీసులతో మాట్లాడటం నాకు గుర్తుండిపోయింది.

ఆ మాటే చాలు అన్నట్టు పంపించేశారు. బండి కదిలాక, సిరిసిల్లలో మరమగ్గాలు ఎట్లా ఉంటాయని బాపు అడిగాడు. మా ఆయన కోరుట్ల వచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు.

"ఒక్కసారి నాతోని రా మామా. నీ కండ్లతోని చూద్దువు."

బాపు మరుసటి వారమే వెళ్లాడు. అక్కడ ఒక షెడ్డులో, అయిపోయిన పడుగు కొసలకు కొత్త పడుగు పోగులు అతికే పని జరుగుతోందట. వందల పోగులు, ఒక్కొక్కటి వేళ్లతో మెలిపెట్టి కలపాలి. చూపు కంటే వేళ్లకే ఎక్కువ పని. బాపు కాసేపు చూసి, తనకు చోటిమ్మని అడిగి కూర్చున్నాడు. తర్వాత కొన్నేళ్లు వారానికి రెండు రోజులు ఆ పనికి వెళ్లాడు. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు అల్లుడి లారీలోనే, డ్రైవరు పక్క సీట్లో, తలకు తువ్వాల చుట్టుకుని.