ఉడకబెట్టిన ఉన్ని చొక్కా

నాకు పెళ్లయి సాలూరు వచ్చాక రెండో చలికాలం అది. అరవై ఎనిమిదో, తొమ్మిదో సరిగ్గా గుర్తు లేదు. మా ఆయన నాకు మేనబావ, లారీ డ్రైవరు. ఘాటీ కొండదారి ఎక్కి కొరాపుట్‌లో సరుకు దించి వచ్చేవాడు. అంతకు ముందు ఏడాది పుష్యమాసంలో ఆ కొండమీది చలికి నెమ్ము చేసి, బతుకుతాడో లేదో అన్నంత పని అయింది. ఈసారి ఒంటిమీద ఉన్ని లేకుండా పైకి వెళితే తన పూచీ లేదని డాక్టరు ముందే చెప్పేశాడు. ఆ మాట పట్టుకుని ఉన్నిబట్ట సంపాదించమని నేను రోజూ ఆయన్ని పోరేదాన్ని.

ఒకరోజు బావ ఒక చొక్కా తెచ్చాడు. ఎరుపు, నలుపు పెద్ద పెద్ద గళ్లు. ఎత్తి చూస్తే తడిసిన దుప్పటంత బరువు. మాది కోటబొమ్మాళి పక్క పల్లె. చలేస్తే ఇంకో తువ్వాలు కప్పుకుంటాం తప్ప అలాంటి బట్ట నేనెప్పుడూ ముట్టుకోలేదు.

"ఎవులిది బావా ఇది?"

"తెలిసినోల్లు ఇచ్చినారు. ఉతక్కు. ఎండలో పడెయ్, సాలు."

ఎవరో తొడిగి విడిచిన బట్టని అలాగే మొగుడికి తొడగడానికి నాకు మనసొప్పలేదు. పరాయి బట్ట ఇంట్లోకి వస్తే చాకలి సోడా వేసి ఉడకబెట్టాలి, బండకేసి బాదాలి. మా అమ్మ నేర్పింది అదే. అయినా చెప్పిన మాట వింటే నేను నేనెలా అవుతాను? ఆయన అటు వెళ్లగానే పొయ్యిమీద డేగిశా పెట్టి, సోడా వేసి, కుతకుతా ఉడికించాను. నీళ్లు ఎర్రగా దిగుతుంటే మురికి వదులుతోందని సంబరపడ్డాను కూడా. తరవాత చెయ్యి నొప్పెట్టేదాకా బాదాను.

ఆరేసరికి అది చిన్నపిల్లాడి చొక్కా అయిపోయింది. అట్టలా బిగుసుకుపోయింది. రెండు చేతులా పట్టి లాగాను, ఒక కొస కాలితో తొక్కిపట్టి లాగాను. గుండీ ఒకటి ఊడి వచ్చింది. నూలు బట్ట తప్ప ఎరగనిదాన్ని, ఉన్ని ఉడికితే ముడుచుకుపోతుందని నాకేం తెలుసు?

మర్నాడు పొద్దున్నే ఆయన బయల్దేరాలి. తెచ్చి చూపించి, తిట్లకి సిద్ధంగా నిలబడ్డాను. ఆయన దాన్ని తిప్పితిప్పి చూసి, దండెం మీద వేసి, మామూలు చొక్కాలు రెండు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. నాలుగు తిట్లు తిని కాస్త అన్నమైనా తినేదాన్ని.

నాలుగు రోజులు నాకు కాలు నిలవలేదు. బియ్యం ఏరుతూ ఏరుతూ చేట వదిలేసి లేచిపోయేదాన్ని. లారీలు ఆగే చోటికి రోజుకి రెండుసార్లు వెళ్లి, కొండ దిగి వచ్చిన ప్రతి డ్రైవర్నీ మా బావ దగ్గుతున్నాడా అని అడిగేదాన్ని.

"పొద్దున్న సెప్పినాను గదేటమ్మా! బాగానే ఉన్నాడు, ఎల్లు" అని ఒకాయన కసురుకున్నాడు. ఆయన మీద కోపం వచ్చింది. నా మీద ఇంకా ఎక్కువ వచ్చింది.

ఐదో రోజు మధ్యాహ్నం బావ వచ్చాడు. దగ్గు లేదు. చొక్కాలు విప్పితే మాత్రం వీపంతా ఎర్రగా గీరుకుపోయి ఉంది. గోనెసంచికి మెడకీ చేతులకీ కన్నాలు కోసి లోపల తొడుక్కున్నాడట.

"ఎచ్చగానే ఉంటాదే. కూసింత గీరుకుంటాది, అంతే" అని నవ్వాడు. ఆ వీపుకి కొబ్బరినూనె రాస్తూ ఏడ్చేశాను.

"ఒక్క మాట తిట్టు బావా. నానుండలేకపోతన్నాను."

"ఏటని తిట్టనే? నువ్వు దాన్ని ఉడకెట్టీసినాకే నాకు పానం కుదుటపడినాది."

అప్పుడు చెప్పాడు. ఆ చొక్కా ఆయనతోపాటు బండి నడిపిన డ్రైవరుదట. రెండు నెలల కిందట అతని లారీ ఘాటీ మలుపులో లోయలోకి పోయింది. ఆ రోజు ఎండ కాస్తోందని అతను చొక్కా ఇంట్లోనే వదిలి వెళ్లాడు. అతని భార్య పిలిచి చేతిలో పెడితే ఈయన కాదనలేకపోయాడు. తొడుక్కుందామంటే భయం, వద్దంటే ఇంట్లో నా పోరు.

నా చెయ్యి ఆయన వీపు మీదే ఆగిపోయింది.

"మరా సంగతి ఆవేళే సెప్పొచ్చు గదా!"

"సెప్తే నన్ను ఘాటీ ఎక్కనిద్దువేటి?"

అంతవరకు నాకు ఆ కొండ మీద చలి ఒక్కటే కనిపించింది. మూడో రోజున ఆయన మళ్లీ బయల్దేరితే గోనె కింద తొడుక్కోమని మెత్తటి బనీను చేతికిచ్చాను. చలి గురించి ఒక్క మాట అడగలేదు. "మలుపుల్లో నెమ్మదిగా ఎల్లు బావా" అన్నాను. ఆయన బండి నడిపినన్నేళ్లూ ఆ మాట అనకుండా గుమ్మం దాటనివ్వలేదు, బండి తిరిగొచ్చేదాకా ఒక్కపూటా కుదురుగా కూర్చోలేదు.